ఊటవరద: బావి చెప్పే మాట

(సర్ ఆర్థర్ కాటన్ జయంతినాడు రాజమహేంద్రవరంలో చేసిన స్మారకోపన్యాసం, అచ్చుప్రతి)





1986 ఆగస్టు వరద ఈ సభలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రాత్రుళ్లు మా ఊరి గట్టు మీద మగవాళ్లందరూ కాపలా కాశారు. అందరి చూపూ నది వైపే. మా నాన్న మాత్రం గట్టుకి ఇవతల, పొలం వైపు దిగి, చెప్పుల్లేని కాళ్లతో నేలను తడుముకుంటూ నడిచారు. ఎందుకని అడిగితే, "పైనుంచి వచ్చే నీళ్లు అందరికీ కనపడతాయిరా. కిందనుంచి వచ్చేవాటిని వెతుక్కోవాలి" అన్నారు. తెల్లవారుజామున ఒకచోట ఊట దొరికింది. అన్నం ఉడుకుతున్నట్టు నేల బుడబుడమంటోంది. నీళ్లతోపాటు సన్న ఇసుక పైకి వస్తోంది. వెంటనే దాని చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి చిన్న బావిలా కట్టారు. ఊటను మూసేయడానికి ఎవరూ ప్రయత్నించలేదు. మూస్తే పక్కన ఇంకోచోట తన్నుకొస్తుందని వాళ్లకు తెలుసు. బస్తాల మధ్య నీళ్లు కొంత ఎత్తుకి నిలిచాక ఊట జోరు తగ్గింది, ఇసుక రావడం ఆగింది. గట్టు నిలబడింది.

ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా భూగర్భజలాల పనిలో ఉన్నాను. ఎన్నో పుస్తకాలు చదివాను. కానీ ఈరోజు చెప్పబోయేదంతా ఆ తెల్లవారుజామున గట్టు కింద చూసిందే.

కాటన్ దొర గురించి ఈ ఊళ్లో కొత్తగా చెప్పేదేమీ లేదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట ఈ గడ్డ మీద కరువు రాతను మార్చింది. పుష్కరాల్లో తమ పెద్దలతోపాటు ఆయనకూ పిండం పెట్టేవాళ్లు మనలో ఉన్నారు. నేను మాత్రం ఆయన జీవితంలో మనం అంతగా తలుచుకోని చివరి రోజుల దగ్గర మొదలుపెడతాను. ఉద్యోగం విరమించాక ఆయన ఇంగ్లాండు దక్షిణాన డోర్కింగ్ అనే ఊళ్లో ఉన్నారు. ఆ వయసులోనూ ఊరుకోలేదు. నేలను లోతుగా తవ్వి గోధుమ పండించే ప్రయోగాలు చేశారు. 1899 జులైలో, 96 ఏళ్ల వయసులో అక్కడే కన్నుమూశారు.

డోర్కింగ్ పక్కనే సుద్దకొండల వరస ఉంది. మోల్ అనే చిన్న నది ఆ కొండలను చీల్చుకుంటూ పోతుంది. వేసవి బాగా ఎండినప్పుడు ఆ నది నీళ్లు దారిలో గుంతల్లోకి దిగి మాయమవుతాయి. కొన్ని మైళ్ల దిగువన మళ్లీ పైకి వస్తాయి. మన నదిని కట్టిన మనిషి చివరి ఊపిరి వదిలింది అలాంటి నేల పక్కన. నది కంటికి కనిపించకుండా కిందనుంచి నడిచే ఆ నేలలోనే, నేను మాట్లాడదలచుకున్న వరద పుడుతుంది. పుస్తకాల్లో దాన్ని భూగర్భజల వరద అంటారు. నేను ఊటవరద అంటాను.

సీమసుద్ద లెక్క

బడిలో నల్లబల్ల మీద రాసే సీమసుద్ద మనకు తెలుసు. దక్షిణ ఇంగ్లాండులో వందల మైళ్ల మేర కొండలకు కొండలే ఆ సుద్ద. డైనోసార్లు తిరిగిన కాలం చివర్లో, సముద్రం అడుగున కంటికి కనపడని జీవుల పెంకులు పేరుకుని ఏర్పడిన రాయి అది. అందులో మూడో వంతుకు పైగా ఖాళీయే. కానీ ఆ రంధ్రాలు ఎంత సన్నవంటే, వాటిలో పట్టిన నీరు తేలిగ్గా బయటికి రాదు. కదిలే నీళ్లన్నీ రాతి పగుళ్లలోనే ఉంటాయి. ఆ పగుళ్ల వాటా మొత్తం రాతిలో సుమారు 1 శాతం.

ఈ ఒక్క శాతంలోనే అంతా ఉంది. ఇసుకనేలలో నీరు కదలగల చోటు 20 శాతం అనుకుందాం. అందులోకి 1 సెంటీమీటరు వాన ఇంకితే నీటిమట్టం 5 సెంటీమీటర్లు లేస్తుంది. అదే 1 సెంటీమీటరు సుద్దరాతిలోకి ఇంకితే మట్టం 1 మీటరు లేస్తుంది. శీతాకాలమంతా ఆగకుండా వానలు పడి 30 సెంటీమీటర్లు కిందికి దిగితే, కొండ కింద నీరు 30 మీటర్లు పైకి వస్తుంది. ఆ నీళ్లు లోయవైపు జరుగుతూ, ఎక్కడ నేల పల్లంగా ఉందో అక్కడ గడ్డి మొదళ్లలోంచి, ఇంటి పునాదుల్లోంచి, వంటింటి గచ్చులోంచి పైకి వస్తాయి.

మన కొండరాతి ప్రాంతాలవాళ్లు ఈ లెక్క విని ఆశ్చర్యపోనక్కర్లేదు. రాయలసీమలో, తెలంగాణలో శిథిలమైన గ్రానైటు నేలకు మనం వేసుకునే లెక్క 1.5 నుంచి 3 శాతమే. అందుకే మన బావులు నాలుగు మంచి వానలకు నిండుతాయి, ఒక్క వేసవికి అడుగంటుతాయి. నిలవ తక్కువున్న నేలకు ఓర్పు తక్కువ. కరువునైనా, వరదనైనా తొందరగా చూపిస్తుంది.

తొందరగా అన్నాను గానీ, అది నేల లెక్కలో తొందర. మనిషి లెక్కలో అది చాలా నెమ్మది. సుద్దకొండల మీద వేసవంతా ఎండిన మట్టి ముందు తన దాహం తీర్చుకోవాలి. ఆ తర్వాతే నీరు కిందికి దిగుతుంది. వాన కురిసిన వారాలకు, ఒక్కోసారి నెలలకు ఊట లోయలో బయటపడుతుంది. అలాగే వచ్చిన ఊట వాన వెలిసినా పోదు. నది వరద రెండు మూడు రోజుల్లో తీసేస్తే, ఊటవరద వారాలు, నెలలు నిలుస్తుంది. పైన ఆకాశం నీలంగా, ఎండ కాస్తూ ఉంటుంది. ఇంట్లో నీళ్లు పెరుగుతూ ఉంటాయి. చెబితే ఎవరూ నమ్మరు.

నది లేని చోట

2013-14 శీతాకాలం నాటికి ఇంగ్లాండు, వేల్స్ వర్షపాతానికి 1766 నుంచి లెక్కలున్నాయి. అన్నేళ్లలో అంత వాన పడిన శీతాకాలం అప్పటిదాకా లేదు. బేసింగ్‌స్టోక్ పట్టణంలో బక్‌స్కిన్ అనే పేట ఉంది. ఆ వీధుల పక్కన నది లేదు, వాగు లేదు. ఉన్నది ఒక పొడి లోయ. 2014 ఫిబ్రవరిలో అక్కడ 80కి పైగా ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. అదే హాంప్‌షైర్ జిల్లాలో హాంబుల్డన్ అనే ఊళ్లో ప్రధాన వీధి వారాలపాటు వాగులా పారింది. కాటన్ ఉన్న డోర్కింగ్‌కి పెద్ద దూరం కాని కెన్లీ దగ్గర, తాగునీరు శుద్ధి చేసే కేంద్రాన్నే ఊటనీరు చుట్టుముట్టబోతే రోజుల తరబడి పంపులు పెట్టి కాపాడుకోవలసి వచ్చింది.

ఆ నేల ఇలా చేయడం కొత్త కాదు. అక్కడ ఎన్నో ఊళ్ల పేర్ల చివర 'బోర్న్' అని ఉంటుంది. వింటర్‌బోర్న్ అంటే శీతాకాలపు వాగు. ఊట లేచిన ఏడు పారి, లేవని ఏడు పచ్చికలా పడి ఉండే వాగు. కెంట్ జిల్లాలో దాన్ని నెయిల్‌బోర్న్ అన్నారు, ససెక్స్‌లో లావాంట్ అన్నారు. కొన్నిచోట్ల అలాంటి వాగుకి దుఃఖజలం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అది పారిన ఏడు కీడు తప్పదని పాతకాలపు నమ్మకం. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, ఊటవాగు ఎప్పుడు లేచిందో ఆ ఊరు లెక్క పెట్టుకుందన్నమాట.

తర్వాత తరాలు ఆ లెక్క మరిచిపోయాయి. ఇరవై ఏళ్లపాటు నీరు రాని వాగును పెరట్లో కలుపుకున్నారు. తూము మీద మట్టి పోసి కారుకి దారి వేసుకున్నారు. పొడి లోయలో కొత్త ఇళ్లు లేచాయి. మనకిది తెలియని కథా? మన చెరువుల అలుగు వాగులకు, తూములకు జరిగిందీ ఇదే. నేల మాత్రం మరిచిపోదు. ఊట లేచిన ఏడు పాత దారినే వెతుక్కుంటుంది.

లాంబోర్న్ లోయలో ఒక మధ్యాహ్నం

మా అమ్మాయి రెడింగ్ పట్టణంలో ఉంటుంది. ఆ 2013-14 శీతాకాలంలో నేను అక్కడే ఉన్నాను. వాళ్ల ఆఫీసులో ఒకామె ఇల్లు లాంబోర్న్ నది లోయలో ఒక చిన్న పల్లెలో. ఆమె తల్లి ఎనభై ఏళ్లావిడ, ఒంటరిగా ఉంటుంది. ఒక ఆదివారం మేం ముగ్గురం వెళ్లాం.

వరద ఇల్లంటే బురద, కంపు, కొట్టుకొచ్చిన చెత్త అనుకుంటూ వెళ్లాను. ఆ వంటింట్లో నీళ్లు గాజులా ఉన్నాయి. జానెడు లోతున గచ్చు మీది పలకల గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. సుద్దలో వడకట్టుకుని వచ్చిన నీరు అది. మూలన రెండు పలకల సందులోంచి సన్నగా ఊరుతోంది. వీధి తలుపుకి అడ్డంగా ఇసుక బస్తాలు పేర్చి ఉన్నాయి. ఎవరో మంచి మనసుతో తెచ్చి పెట్టారట. అవి ఇప్పుడు లోపలి నీళ్లు బయటికి పోకుండా ఆపుతున్నాయి.

ఆవిడ నీళ్ల గురించి పెద్దగా బాధపడలేదు. ఆవిడ బాధ వేరు. మరుగుదొడ్డి వాడి పది రోజులైంది. ఊటనీరు వీధి కింది మురుగు గొట్టాల అతుకుల్లోంచి, పగుళ్లలోంచి లోపలికి చేరి గొట్టాలను నింపేసింది. ఇంట్లోంచి మురుగు పోయే దారి లేదు. వీధిలో ట్యాంకర్లు వరసగా నిలబడి రాత్రింబవళ్లు తోడుతున్నాయి. ఎనభై ఏళ్ల మనిషికి అది ఎంత అవమానమో ఆవిడ మాటల్లో చెప్పలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి ట్యాంకరు వైపు చూస్తూ కూర్చుంది.

బయల్దేరే ముందు ఆవిడ ఒక పాత నోటుపుస్తకం తెచ్చి చూపించింది. పోయిన భర్త రాసుకున్నది. పెరటి బావిలో నీరు ఎంత లోతున ఉందో, నెలకోసారి, ఏళ్ల తరబడి. 2001 జనవరి దగ్గర ఎర్ర గీత గీసి ఉంది. అంతకుముందు శరదృతువు ఇంగ్లాండులో రికార్డు వాన కురిసింది, ఆ శీతాకాలం వాళ్లింట్లోకి నీళ్లొచ్చాయి. "ఆయన పోయాక నేను కొలవడం మానేశాను. కొలిచి ఉంటే క్రిస్మస్‌కి ముందే తెలిసేది" అంది.

నేను అప్పటికి ఎన్నో బావుల పటాలు గీసినవాణ్ణి. ఆ ఎర్ర గీత చూసినప్పుడు మాత్రం మా నాన్న కాళ్లు గుర్తొచ్చాయి.

1836లో మొదలైన కొలత

ఆవిడ చెప్పింది నిజమని చూపించే బావి ఒకటి పశ్చిమ ససెక్స్‌లో ఉంది. పేరు చిల్‌గ్రోవ్. 1836 నుంచి ఆ బావిలో నీటిమట్టం కొలుస్తున్నారు. ప్రపంచంలో ఎక్కువ కాలంగా ఎడతెగకుండా సాగుతున్న భూగర్భజల కొలతల్లో అదొకటి. అదే 1836లో కాటన్ కావేరి పాయ కొళ్లిడం మీద ఎగువ ఆనకట్ట పని మొదలుపెట్టారు. ఆ ఆనకట్ట గురించి మనకు తెలుసు. అదే ఏడాది ఇంగ్లాండులో బావిలోకి తాడు దింపడం మొదలుపెట్టిన మనిషి చేసిన మేలు ఇంతకంటే చిన్నదని నేను అనుకోను.

చిల్‌గ్రోవ్ బావిలో అతి తక్కువ మట్టానికీ అతి ఎక్కువ మట్టానికీ మధ్య 40 మీటర్ల పైగా తేడా ఉంది. 1994 జనవరిలో ఆ నీరు బావి అంచు దాటి పొర్లింది. ఆ రోజుల్లోనే లావాంట్ నది చిచెస్టర్ పట్టణాన్ని ముంచింది. రోడ్ల మీద సైన్యం తాత్కాలిక వంతెనలు వేయాల్సి వచ్చింది. బావి అంచుకి నీరు చేరింది ఒక్కరోజులో కాదు, డిసెంబరు అంతా ఎక్కుతూ వచ్చింది. చూసేవాడికి నెల ముందే ఆ సంగతి కనిపిస్తూ ఉంది.

ఊటవరదలో ఉన్న ఒకే ఒక్క మేలు ఇది. నది వరద గంటల్లో వస్తుంది. మేఘం పగిలితే వచ్చే వరద నిమిషాల్లో వస్తుంది. ఊటవరద చెప్పి వస్తుంది. వినడానికి మనకు వారాల సమయం ఇస్తుంది. దాన్ని ఆపే గట్టు లేదు, దానికి వేసే తలుపు లేదు. కనుక ఆ వారాలను ఊరు ఎలా వాడుకుంటుందనే దాని మీదే అంతా ఆధారపడి ఉంది. ఈరోజు నేను మీ ముందు పెట్టదలచుకున్న విషయం ఇదొక్కటే.

ఎవరి నీరు ఇది?

చాలాకాలం ఇంగ్లాండులో ఊటవరదకు యజమాని లేడు. నది పొంగితే నదుల శాఖ, మురుగు పొంగితే నీటి కంపెనీ, రోడ్డు మునిగితే రోడ్ల విభాగం. గచ్చులోంచి వచ్చే నీళ్ల గురించి ఫోన్ చేస్తే, ఒక ఆఫీసు ఇంకో ఆఫీసు నంబరు ఇచ్చేది. 2007 వేసవి వరదల తర్వాత సర్ మైకేల్ పిట్ చేసిన సమీక్ష ఈ గందరగోళాన్ని ఎత్తిచూపింది. 2010లో వచ్చిన వరదల, నీటి నిర్వహణ చట్టం వాననీటి వరదతోపాటు ఊటవరద బాధ్యతను కూడా స్థానిక ప్రభుత్వాలకు అప్పజెప్పింది. వరద వచ్చాక ఎందుకొచ్చిందో, ఎవరేం చేయాలో విచారించి నివేదిక ప్రకటించే పని కూడా వాటిదే. చట్టం చదవడానికి పొడిగా ఉంటుంది. కానీ లాంబోర్న్ లోయ ఆవిడలాంటి మనిషికి, ఫలానా తలుపు తట్టవచ్చని తెలియడం చిన్న సంగతి కాదు.

చట్టంతోపాటు ప్రజల వైపు నుంచి కూడా పని జరిగింది. 2002లో మొదలైన నేషనల్ ఫ్లడ్ ఫోరం అనే స్వచ్ఛంద సంస్థ వరద బాధితులను కూడగట్టి ఊరూరా బృందాలు ఏర్పరిచింది. తర్వాత ప్రభుత్వం 25 ప్రాంతాల్లో వరదను తట్టుకునే కొత్త పద్ధతులు పరీక్షించడానికి నిధులిచ్చింది. వాటిలో బకింగ్‌హామ్‌షైర్ కౌన్సిల్ నడిపే ప్రాజెక్ట్ గ్రౌండ్‌వాటర్ పూర్తిగా ఊటవరద మీదే పనిచేస్తోంది. ఎక్కడ ముప్పు ఉందో తెలుసుకోవడం, ముందుగా హెచ్చరించడం, ఊళ్లను సిద్ధం చేయడం దాని పనులు. ఆలస్యంగా వచ్చిన బుద్ధే అయినా అవసరానికి అందింది. 2022 అక్టోబరు నుంచి 2024 మార్చి దాకా 18 నెలల్లో ఇంగ్లాండులో కురిసిన వాన, అక్కడ నమోదైన ఏ 18 నెలల వాననైనా మించింది. సుద్దనేల ఊళ్లలో మళ్లీ ఊట లేచింది.

ఊరు చేసుకోగల పనులు

ఇక ఊరు ఏం చేయగలదు? అక్కడ చూసినవి, విన్నవి, నా అనుభవంలో తెలిసినవి కలిపి చెబుతాను.

మొదటిది కొలత. ఊళ్లో రెండు మూడు పాత బావులు ఎంచుకుని వారానికోసారి నీటి లోతు కొలవాలి. పోయిన వరదలో ఇళ్లలోకి నీళ్లొచ్చేనాటికి ఆ బావిలో మట్టం ఎంతుందో గుర్తించి గీత గీయాలి. దానికి కొన్ని మీటర్ల దిగువన ఇంకో గీత. నీరు కింది గీత దాటిందంటే సామాను పైకి ఎత్తుకునే సమయం, తూములు చూసుకునే సమయం, పంపులు ఆడుతున్నాయో లేదో పరీక్షించే సమయం. హెచ్చరిక పెద్ద ఆఫీసు నుంచి రావచ్చు, మంచిదే. కానీ తన బావిలో తాను చూసిన గీతను మనిషి నమ్మినంతగా ఇంకే మాటనూ నమ్మడు.

రెండోది దారి. ఊట పైకి వచ్చాక అది పోవడానికి ఒక దారి కావాలి. ఎండిన వాగు పడకను, బోదెను, రోడ్డు కింది తూమును నీళ్లు లేని ఏళ్లలోనే శుభ్రంగా ఉంచాలి. పంపు పెట్టి తోడిన నీళ్లు ఎక్కడ పోయాలో ముందే అందరూ కూర్చుని ఒప్పుకోవాలి. లేకపోతే పక్కింటి పెరట్లోకి పోస్తాం. మన ఇల్లు ఆరుతుంది, వాళ్ల ఇల్లు మునుగుతుంది. ఇద్దరి మధ్య మాటలు పోతాయి. నీళ్లు తీసినా ఆ మాటలు తిరిగి రావు.

మూడోది ఇల్లు. తలుపుకి అడ్డం పెట్టే పలకలు నది వరదకు పనికొస్తాయి, నేలలోంచి వచ్చే నీళ్లకు కాదు. ఇక్కడ ఇల్లు తడవకుండా ఉండాలనే పట్టు వదిలి, తడిసినా పాడవకుండా ఉండేలా చూసుకోవాలి. చెక్క నేల బదులు పలకల నేల, జిప్సం పూత బదులు సున్నం పూత, కరెంటు ప్లగ్గులు నడుమెత్తున. గచ్చు కింద చిన్న గుంత, అందులో నీరు చేరగానే తనంతట తాను ఆడే పంపు. మురుగు గొట్టంలో నీరు వెనక్కి తన్నకుండా వాల్వు. జనరేటరును ఎప్పుడూ ఇంటి బయటే నడపాలి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు నీటికంటే ముందు ప్రాణం తీస్తుంది. సొంత బావి నీళ్లు తాగేవాళ్లు, ఊట తగ్గాక పరీక్ష చేయించే దాకా ఆ నీళ్లు ముట్టకూడదు.

నాలుగోది తొందరపడకపోవడం. నేలమాళిగ నిండిందంటే వెంటనే పెద్ద పంపు పెట్టి ఖాళీ చేయాలనిపిస్తుంది. బయట నేల తడిసి, నీటితో బిగుసుకుని ఉన్నప్పుడు లోపలి నీళ్లు ఒక్కసారిగా తీసేస్తే, బయటి ఒత్తిడికి గోడ విరగవచ్చు, నేల ఉబ్బి పగలవచ్చు. దీనికి మన దగ్గరే కళ్లకు కట్టే ఉదాహరణ ఉంది. 2021 నవంబరులో చిత్తూరు, కడప జిల్లాలను వానలు ముంచెత్తినప్పుడు, తిరుపతి శ్రీకృష్ణనగర్‌లో ఒకామె సంపులోకి దిగి శుభ్రం చేస్తుండగా, సిమెంటు రింగులతో కట్టిన ఆ సంపు నేలలోంచి పైకి లేచి మనిషెత్తు దాటి నిలబడింది. జనం వింత అనుకుని చూడటానికి క్యూ కట్టారు. అది వింత కాదు. నీళ్లు తీసేసిన సంపు ఖాళీ బిందెలాంటిది. చుట్టూ నేల నీళ్లతో నిండి ఉంది. ఖాళీ బిందె నీళ్లలో మునుగుతుందా? తేలింది. అదృష్టవశాత్తూ ఆమె బయటపడింది. మా నాన్నవాళ్లు ఊట చుట్టూ బస్తాలు కట్టి నీళ్లు నిలవనిచ్చింది కూడా ఈ సూత్రంతోనే. లోపలి నీరు బయటి నీటికి ఎదురు బరువు.

ఐదోది మనుషులు. ఊళ్లో ఒంటరిగా ఉన్న పెద్దలెవరు, మంచం పట్టినవాళ్లెవరు, గర్భిణులెవరు, ఎవరింట్లో మేడ ఉంది, ఎవరి దగ్గర పంపు ఉంది అనే జాబితా ఎండకాలంలోనే తయారవ్వాలి. నెలలపాటు సాగే వరదలో అలసట మనసుని కుంగదీస్తుంది. నీళ్లు పోయాక కూడా, వాన చప్పుడు వినపడితే నిద్రపట్టనివాళ్లను నేను చూశాను. అలాంటివాళ్లకు పొరుగింటి మనిషి తలుపు తట్టి పలకరించడం మందులాంటిది. దాన్ని కూడా ప్రణాళికలో రాసుకోవాలి.

మన సంగతి

ఇదంతా సుద్దకొండల కథ, మనకేం పని అని ఎవరైనా అడగవచ్చు. మన కథలో ఎక్కువ భాగం నీళ్లు లేకపోవడమే. అయినా ఊట మనల్నీ విడిచిపెట్టలేదు.

జోధ్‌పూర్ ఎడారి అంచున ఉన్న నగరం. కాలువ నీళ్లు వచ్చాక జనం బావులు తోడటం తగ్గించారు. గొట్టాల నుంచి, చెరువు నుంచి కారిన నీరు తోడయింది. ఇప్పుడు పాతబస్తీ నేలమాళిగల్లో నీళ్లు ఊరుతున్నాయి. ఇలాంటిదే లండన్‌లోనూ జరిగింది: పరిశ్రమలు తోడి తోడి ట్రఫాల్గర్ స్క్వేర్ కింద నీటిమట్టాన్ని సముద్రమట్టానికి దాదాపు 90 మీటర్ల దిగువకు దింపేశాయి. పరిశ్రమలు మూతపడ్డాక నీరు మళ్లీ ఎక్కడం మొదలుపెడితే, భూగర్భ రైలు సొరంగాలను కాపాడటానికి లెక్క ప్రకారం తోడే ఏర్పాటు చేశారు. మన హైదరాబాదులో 2020 అక్టోబరు వానల తర్వాత ఎన్నో అపార్టుమెంట్ల సెల్లార్లలో పంపులు ఆడుతూనే ఉన్నాయి. రాతిని తొలిచి రెండు మూడంతస్తుల లోతుకి దిగుతున్నాం. ఆ లోతున నీరు ఏ ఏడు ఎంత ఎత్తున ఉందో అడిగేవాళ్లు ఎందరు?

గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఈ ప్రశ్న ఇంకా పాతది. కాలువ నీటిని తెచ్చింది, పొలం తడిసింది, నేల నిండింది. పోవలసిన నీరు పోలేక కొన్నిచోట్ల జౌకెక్కింది, చౌడు తేలింది. నీటిని తీసుకెళ్లే మురుగు కాలువల కోసం 1968లో ప్రత్యేకంగా డ్రైనేజి సెస్సు చట్టమే చేయవలసి వచ్చింది. నీటిని తేవడం సగం పని. సాగనంపడం మిగతా సగం. ఆ రెండో సగం పూర్తిచేయడం కాటన్ రుణం తీర్చుకోవడంలో భాగమని నేను నమ్ముతాను. ప్రతి మే 15న ఆయన విగ్రహానికి దండ వేస్తాం. అదే వారంలో మన ఊరి డ్రెయిన్‌లో గుర్రపుడెక్క తీస్తే ఆయన మరింత సంతోషిస్తారు.

కొలిచే పని మనకు చేతకాదా? చేతనవును, చేసి చూపించాం కూడా. 2000ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అనంతపురం, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ వంటి 7 కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను చూసుకునే పథకం నడిచింది. 600కు పైగా ఊళ్లలో రైతులు, వాళ్లలో బడి మొహం సరిగా చూడనివాళ్లు కూడా, బావుల్లోకి టేపు దింపి మట్టం కొలిచారు. వానమాపకంలో వాన కొలిచారు. గోడ మీద అంకెలు రాశారు. ఏటా రబీకి ముందు ఊరంతా కూర్చుని, నేలలో ఇన్ని నీళ్లున్నాయి, ఇన్ని పంటలు పెడదామని పద్దు వేసుకున్నారు. నీళ్లు ఎవరివని తగవులాడే చోట, ఎన్ని ఉన్నాయని అడగడం నేర్చుకున్నారు. కొరత కోసం నేర్చుకున్న ఆ విద్యే ఎక్కువైనప్పుడూ పనికొస్తుంది. రాయలసీమ రైతు దింపిన టేపూ, లాంబోర్న్ లోయ పెద్దాయన దింపిన తాడూ ఒకటే. ఒకరు కింది గీత కోసం చూశారు, ఇంకొకరు పై గీత కోసం చూశారు.

నేలలో నీటిమట్టం కొలిచే ప్రభుత్వ పీజోమీటర్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, ఉండాలి. కానీ వాటి అంకెలు ఆఫీసుకి చేరుతాయి. ఊరు తన బావిని తాను చూసుకున్నప్పుడు ఆ అంకె అరుగుమీద మాట అవుతుంది. మాట అయిన అంకెను ఊరు మరిచిపోదు.

ఈ సాయంత్రం చేసే పని

ఈ సభలో ఉన్న ఇంజనీరింగు విద్యార్థులకు ఒక మాట. రేపు మీరు కట్టే ప్రతి సెల్లారుకీ, సంపుకీ, రోడ్డు తూముకీ ముందు ఒక ప్రశ్న వేయండి: ఈ నేలలో నీరు ఇప్పటిదాకా ఎంత ఎత్తుకి వచ్చింది? సమాధానం కోసం కంప్యూటరు ముందు కూర్చోవడానికి ముందు, ఆ వీధిలో అందరికంటే పెద్ద వయసు మనిషిని అడగండి. ఆయన చూపించిన గోడమరకను కొలిచి రాసుకోండి.

ఈ సభ పెట్టినవాళ్లను నేను ఒక సాయం అడిగాను, ఒప్పుకున్నారు. ఈ ఆవరణలో వెనకవైపు ఒక పాత బావి ఉంది. చాలాకాలంగా రేకు మూత వేసి ఉంచారు. ఈరోజు పొద్దున్న ఆ మూత తీయించారు. నేను ఒక టేపు, ఒక నోటుపుస్తకం తెచ్చాను. సభ ముగిశాక విద్యార్థులు నాతో రండి. నీటి లోతు కొలుద్దాం. మొదటి పేజీలో ఈరోజు తారీఖు వేసి, కొలత రాసి, కొలిచినవాళ్ల సంతకాలు పెడదాం. వచ్చే సోమవారం ఎవరు కొలవాలో అక్కడే తేల్చుకుందాం. ఆగస్టులో గోదావరి ఎరుపెక్కినప్పుడు ఈ బావి ఏమంటుందో, వచ్చే వేసవిలో ఏమంటుందో రాస్తూ ఉండండి. నా తర్వాత మీరు, మీ తర్వాత ఇంకొకరు.

లాంబోర్న్ లోయలో ఆ పుస్తకం ఒక మనిషి పోగానే ఆగిపోయింది. దీన్ని ఆగనివ్వకండి.

 పదండి, చీకటి పడకముందే బావి దగ్గరికి వెళ్దాం.